నీడిల్ జోలికి వెళ్లే ముందు

మారతహళ్ళి, బెంగళూరు
ఆదివారం రాత్రి

ఒరేయ్ చంటీ,

నువ్వు పంపిన వాయిస్ మెసేజ్ మళ్లీ మళ్లీ విన్నాను. అందులో సగం నీ తిట్లు, సగం నీ మోడల్ విమానం ఇంజన్ మోత. నీ తిట్లు ఎప్పుడూ ఉండేవే. ఆ మోత మాత్రం చాలా సంగతులు చెప్పింది. ఫోన్‌లో చెప్పబోతే "సరే సరే, అర్థమైంది" అని సగంలో పెట్టేస్తావు, అందుకే కూర్చుని రాస్తున్నా. దీన్ని ప్రింటు తీసుకుని స్టార్టర్ పక్కన పెట్టుకో.

ముందు తీర్పు, తర్వాత వాదనలు. నీ ఇంజన్ పాడవలేదు. నేల మీద ఫుల్ థ్రాటిల్‌లో ఈల వేసినట్టు మోగి, పైకెక్కాక ఇంకా కీచుగా మారి, రెండో మలుపులో ఠక్కున ఆగిపోయిందంటే అది లీన్‌గా ఉంది. వచ్చే గాలికి తగినంత ఫ్యూయల్ అందడం లేదు. నువ్వేమో మోత బాగుంది కదా అని నీడిల్‌ని, అదే కార్బురేటర్‌లో ఫ్యూయల్‌ని తగ్గించి పెంచే సూది మరని, ఇంకాస్త బిగిస్తున్నావు. కీచుమంటే బలంగా ఉందని కాదురా, దాహంతో ఉందని.

ఆ ఇంజన్ నీ చేతికి వచ్చేదాకా ఇక్కడే, హొసకోటె దాటాక ఉన్న ఎండిన చెరువులో ఎగిరింది. దాని నీడిల్ ఈ ఊరి గాలికి సెట్ అయి ఉంది. బెంగళూరు సముద్ర మట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తు, మీ చెన్నై ఏమో సముద్రపు ఒడ్డు. ఇక్కడ గాలి పీడనం మీకంటే సుమారు పది శాతం తక్కువ. ఇక్కడి పల్చని గాలికి సరిపోయిన నీడిల్‌ని కదపకుండా మీ చిక్కటి గాలిలోకి తీసుకెళ్తే, ఇంజన్‌లోకి వెళ్లే గాలి బరువు పెరుగుతుంది. దాంతోపాటు ఫ్యూయల్ కూడా కొంత పెరుగుతుంది కానీ అదే లెక్కన పెరగదు. కార్బురేటర్‌లో ఫ్యూయల్‌ని లాగేది గాలి వేగం వల్ల పుట్టే పీడన తేడా. ఆ తేడా పెరిగితే ఫ్యూయల్ దాని వర్గమూలం లెక్కనే పెరుగుతుంది. ఆ లోటే నీ లీన్. మీ ఎండ, ఉక్క కొంత కలిసొస్తాయిలే. వేడి గాలి పల్చగా ఉంటుంది, నీటి ఆవిరి ఆక్సిజన్ చోటు తింటుంది. అవన్నీ తీసేసినా చెన్నై గాలిదే పైచేయి.

తేడా నీడిల్ తిప్పుతుంటే వినిపించే క్లిక్కుల్లో కొన్నే. అయితే అమ్మినాయన నీకు గొప్పగా చూపించాలని ఆ రోజు ఆర్పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) చివరి చుక్క దాకా పిండి పెట్టాడు, నేను పక్కనే ఉండి చూశాను కదా. పైగా విమానం ముందుకు దూసుకెళ్తుంటే ప్రొపెల్లర్ మీద భారం తగ్గి ఆర్పీఎం పెరుగుతుంది, దాంతో ఇంజన్ ఇంకాస్త లీన్ అవుతుంది. నేల మీద అంచున నిలబడ్డది పైకెక్కాక అంచు దాటిపోతుంది. నీ రెండో మలుపు రహస్యం అదే.

లీన్ అంటే నేనెందుకింత భయపడతానో చెప్తాను. మన చిన్నప్పుడు చేతక్ స్కూటర్‌కి బంకులో పెట్రోల్‌తోపాటు టూటీ ఆయిల్ కలిపి పోయించేవాళ్లు గుర్తుందా? ఇదీ అదే పద్ధతి. ఈ ఇంజన్‌కి వేరే ఆయిల్ సంపు లేదు. బేరింగులకి, పిస్టన్‌కి చేరే ఆయిలంతా ఫ్యూయల్‌లో కలిసే వస్తుంది, దాదాపు అయిదో వంతు ఆయిలే. కాబట్టి ఫ్యూయల్ తగ్గించావంటే ఆయిల్ కూడా తగ్గించినట్టే. చల్లదనమూ తగ్గుతుంది. కిలో పెట్రోల్ కాలడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి, మన ఇంజన్ తాగే మిథనాల్‌కి 6.4 కిలోలు చాలు. అంటే అదే గాలికి రెండింతల పైనే మిథనాల్ పోస్తాం. అది ఆవిరవుతూ బోలెడంత వేడిని లాగేసుకుంటుంది. ఈ ఇంజన్లు సిలిండర్ చుట్టూ వేడిని వదిలే ఆ చిన్న రెక్కలతోనే బతికి బట్టకట్టడానికి సగం కారణం అదే. రిచ్‌గా, అంటే ఫ్యూయల్ ఎక్కువగా ఉంటే పొగ, జిడ్డు, కొంచెం బలం తక్కువ, అంతకు మించి నష్టం లేదు. లీన్‌గా ఉంటే పిస్టన్ గీరుకుపోతుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. దీనికి స్పార్క్ లేదు. గ్లో ప్లగ్‌లో ఉన్న ప్లాటినం తీగ చుట్టని మొదట ఒకటిన్నర వోల్టు బ్యాటరీతో ఎర్రగా కాలుస్తాం. ఆ తర్వాత బ్యాటరీ తీసేసినా మిథనాల్ ఆవిరి ప్లాటినంతో జరిపే చర్య వల్ల, పేలుళ్ల వేడి వల్ల అది తనంతట తాను వెలుగుతూనే ఉంటుంది. 1940ల చివర్లో అమెరికాలో రే ఆర్డెన్ దీన్ని మార్కెట్లోకి తెచ్చాక మోడల్ విమానాల వాళ్లు స్పార్క్ కోసం కాయిలూ కండెన్సరూ మోసే బాధ వదిలించుకున్నారు. బాగానే ఉంది, కానీ ఎప్పుడు మండాలో చెప్పే నాథుడు కూడా లేకుండా పోయాడు. ప్లగ్ వేడి, కంప్రెషన్, మిశ్రమం కలిసి ఆ క్షణాన్ని నిర్ణయిస్తాయి. లీన్ అయితే వేడెక్కుతుంది, వేడెక్కితే ముందే మండుతుంది, ముందే మండితే ఇంకా వేడెక్కుతుంది. ప్లగ్ తీగలు తెగిపోవడం కూడా ఎక్కువగా ఇక్కడే మొదలవుతుంది. నువ్వు నెలలో ఎన్ని ప్లగ్గులు మార్చావో నాకు చెప్పొద్దు, వాటి ధర తలుచుకుంటే నిద్ర పట్టదు.

ఇప్పుడు పని. నీడిల్ ముట్టుకోకు. ముందు నీడిల్ కాని వాటిని చూడు. నేను చూసిన "ట్యూన్ కుదరని" ఇంజన్లలో ఎక్కువ వాటికి కార్బురేటర్‌లో ఏ లోపమూ లేదు. సిలికాన్ గొట్టంలో కంటికి కనపడని చిల్లు ఉంటుంది, ముఖ్యంగా నీడిల్ దగ్గర నిపిల్‌కి తగిలించే చోట. అక్కడ ఫ్యూయల్ బయటికి కారదు, గాలి లోపలికి పీలుస్తుంది. నువ్వెంత తిప్పినా ఒక నిమిషం రిచ్, ఒక నిమిషం లీన్. ఆ గొట్టం ఖరీదెంతని, మొత్తం తీసి పారేసి కొత్తది వెయ్యి. తర్వాత ట్యాంకు బయటికి తీసి, రెండు గొట్టాలు మూసి, మూడోదాంట్లో నోటితో ఊది బకెట్ నీళ్లలో ముంచు. బుడగ వస్తే రబ్బరు బిరడా దగ్గరో, అతుకు దగ్గరో పట్టేస్తావు. లోపల బరువు తగిలించిన గొట్టం, అదే క్లంక్, ట్యాంకు వెనక గోడకి తగలకుండా స్వేచ్ఛగా ఊగాలి. నీ విమానం ఒకసారి ముక్కు నేలకి గుద్దుకుంది కదా, అలాంటప్పుడు క్లంక్ ముందుకి మడత పడిపోయి అక్కడే ఇరుక్కుంటుంది. ముక్కు పైకెత్తగానే ఇంజన్ ఆగిపోయేది అందుకే కావచ్చు కూడా.

మఫ్లర్ నుంచి ట్యాంకుకి వెళ్లే సన్న గొట్టం చూడు. పొగ ఒత్తిడి ట్యాంకులోకి వెళ్లి ఫ్యూయల్‌ని ముందుకి నెడుతుంది. అది ఊడినా, జిడ్డుతో పూడినా వెంటనే లీన్. ట్యాంకు నడిమి గీత నీడిల్ ఎత్తులో ఉండాలి, లేదా అరంగుళం లోపు కిందికి. ట్యాంకు చుట్టూ స్పాంజి ఉందా? లేకపోతే ఆ అదురుకి ఫ్యూయల్ నురగ కడుతుంది, నురగంటే మళ్లీ గాలే. కార్బురేటర్ మెడ దగ్గర ఓ-రింగు, దాన్ని పట్టి ఉంచే స్క్రూ, వెనక మూత స్క్రూలు కూడా ఒకసారి బిగించి చూడు. ఇక ప్లగ్. తీగ మెరుస్తూ ఉండాలి. బూడిద రంగులో గరుకుగా మారిందంటే దాని రోజులు అయిపోయినట్టే. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ క్లిప్ తీసినప్పుడు ఆర్పీఎం పడిపోతే, అయితే ప్లగ్ పాతదై ఉండాలి, లేకపోతే మిశ్రమం బాగా రిచ్ అయి ఉండాలి.

ఇవన్నీ అయ్యాక నీడిల్. మెయిన్ నీడిల్‌ని మెల్లగా మూసుకుపోయేదాకా తిప్పు, అక్కడ బలం ఉపయోగించకు, దాని కూర్చునే చోటు పాడైతే ఇంక ఎవడూ ట్యూన్ చెయ్యలేడు. అక్కడి నుంచి రెండున్నర చుట్లు వదులు చెయ్యి. స్టార్ట్ చేసే ముందు ప్రొపెల్లర్‌ని చేత్తో ఒకసారి తిప్పి చూడు. ఎక్కడైనా గోడకి తగిలినట్టు ఆగిపోతే సిలిండర్‌లో ఫ్యూయల్ నిండిపోయినట్టు. అప్పుడు స్టార్టర్ పెడితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ప్లగ్ తీసి తిప్పి, ఊడ్చేసి, మళ్లీ బిగించు.

స్టార్టయ్యాక ఒక నిమిషం మధ్య థ్రాటిల్‌లో వేడెక్కనిచ్చి, క్లిప్ తీసి, ఫుల్ ఇవ్వు. మొదట గుడగుడమంటుంది, పొగ బాగా వస్తుంది. అది నాలుగు స్ట్రోకుల ఇంజన్‌లా ఒక దఫా మండి ఒక దఫా మండక నడుస్తున్న శబ్దం. ఇప్పుడు ఒక్కో క్లిక్కు బిగించు. ప్రతి క్లిక్కు తర్వాత మూడు నాలుగు సెకన్లు ఆగాలి, ఎందుకంటే నువ్వు తిప్పింది ఇంజన్‌కి వెంటనే తెలియదు. నీ ఓపిక సంగతి నాకు తెలుసు గనక మళ్లీ చెప్తున్నా, ఆగాలి. ఒకచోట గుడగుడ పోయి శబ్దం ఒకే గీతలా సాగుతుంది. ఇంకా బిగిస్తే ఆర్పీఎం కాస్త పెరిగి ఆగిపోతుంది, ఆ తర్వాత తగ్గడం మొదలవుతుంది. ఆ శిఖరం ఎక్కడుందో తెలుసుకుని, అక్కడి నుంచి వెనక్కి రా, ట్యాకోమీటర్‌లో 300 ఆర్పీఎం తగ్గేదాకా. నువ్వు నీడిల్ వదలాల్సింది అక్కడ. చెవికి అంత కిక్కు ఉండదు, కానీ విమానం ఇంటికొస్తుంది.

ట్యాకోమీటర్ మీద నమ్మకం లేకపోతే ఇంట్లో పాత చోక్ ఉన్న ట్యూబులైటు వైపు పెట్టి చూడు. మన కరెంటు 50 హెర్ట్జ్, లైటు సెకనుకి 100 సార్లు మిణుకుతుంది, రెండు రెక్కల ప్రొపెల్లర్ సెట్టింగులో సరిగ్గా 3000 చూపించాలి. ఎల్ఈడీ లైటుతో ఇది కుదరదు.

తర్వాత ముక్కు పరీక్ష. ఎవరినైనా విమానం గట్టిగా పట్టుకోమని, ఫుల్ థ్రాటిల్‌లో ముక్కు ఆకాశం వైపు ఎత్తించు. ఒక పది సెకన్లు. శబ్దం అలాగే ఉన్నా, రవ్వంత పెరిగినా సరే. నీరసపడిందంటే ఇంకో రెండు క్లిక్కులు వదులు. గొట్టం నొక్కే పరీక్ష కూడా ఉంది: ఫుల్‌లో ఫ్యూయల్ గొట్టాన్ని ఒక్క క్షణం నొక్కి వదిలితే ఆర్పీఎం చిన్నగా పెరిగి మామూలవ్వాలి, పెరక్కుండా నేరుగా పడిపోతే లీన్. నేను మాత్రం ముక్కు పరీక్షనే నమ్ముతా, వేళ్లు ప్రొపెల్లర్‌కి దూరంగా ఉంటాయి. నీడిల్ ఎప్పుడూ వెనకనుంచే తిప్పు. లెక్కేసి చూశాను, 11 అంగుళాల ప్రొపెల్లర్ 12,000 ఆర్పీఎం దగ్గర చివర వేగం గంటకి దాదాపు 630 కిలోమీటర్లు. దాని వరుసలో పక్కన కూడా ఎవర్నీ నిలబడనివ్వకు, చూడ్డానికి వచ్చే పిల్లల్ని ముఖ్యంగా. మెడలో ఐడీ కార్డు తాడు వేలాడుతుంటే తీసి జేబులో పెట్టు.

పైన, అంటే ఫుల్ థ్రాటిల్‌లో కుదిరాకే కింద, అంటే ఇంజన్ నెమ్మదిగా తిరిగే ఐడిల్. ఈ వరుస తప్పితే రోజంతా అక్కడే తిరుగుతావు, ఎందుకంటే ఐడిల్‌కి వెళ్లే ఫ్యూయల్ కూడా మెయిన్ నీడిల్ దాటే వస్తుంది. 2500 దగ్గర ఐడిల్ పెట్టి ఒక పావు నిమిషం వదిలేసి, థ్రాటిల్ ఒక్కసారిగా తెరువు. గొంతులో ఏదో అడ్డుపడినట్టు గుళగుళమని, పొగ కక్కి, ఆలస్యంగా అందుకుంటే ఐడిల్ రిచ్. ఒక్క మాట కూడా లేకుండా గుటుక్కున ఆగిపోతే లీన్. నీ కార్బురేటర్‌లో ఐడిల్ కోసం ఉన్న చిన్న నీడిల్‌ని బిగిస్తే లీన్, వదిలితే రిచ్. గడియారంలో నిమిషాల ముల్లు ఏడెనిమిది నిమిషాలు జరిగినంత తిప్పు, అంతకంటే ఎక్కువొద్దు. మళ్లీ పావు నిమిషం ఆగి మళ్లీ చూడు. అది కుదిరాక పైకి వెళ్లి మెయిన్ నీడిల్ ఒకసారి సరిచూసుకో, అయిపోయింది. ఆ తర్వాత చిన్న నీడిల్ జోలికి ఏడాది పాటు వెళ్లకు. మెయిన్ నీడిల్ మాత్రం పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఒకలా, పదకొండింటి ఎండలో ఒకలా అడుగుతుంది. క్లిక్కో రెండో, అంతే.

ఫ్యూయల్ గురించి అడిగావు. నైట్రోమిథేన్ లేకుండానే నడుపు. నైట్రో తన ఆక్సిజన్ తానే మోసుకొస్తుంది గనక బలం వస్తుంది, ఐడిల్ నిలకడగా ఉంటుంది, నిజమే. కానీ మన దగ్గర దాని ధరకి ఒక కొత్త సర్వో, అదే విమానం భాగాల్ని కదిపే చిన్న మోటారు, వస్తుంది. నైట్రో లేని ఫ్యూయల్‌కి కాస్త హాట్ ప్లగ్ (వేడిని ఎక్కువ నిలుపుకునేది) వేస్తే ట్రైనర్ విమానానికి ఎలాంటి లోటూ ఉండదు. ఆయిల్‌లో కనీసం సగం ఆముదం ఉండేలా చూడు. సింథటిక్ శుభ్రంగా ఉంటుంది, ఆముదమేమో మఫ్లర్‌ని తేనెరంగు పూతతో నాశనం చేస్తుంది. కానీ ఒకరోజు ఇంజన్ లీన్ అయి మండిపోతున్నప్పుడు సింథటిక్ ముందే చేతులెత్తేస్తుంది, ఆముదం పొర పట్టుకుని ఉంటుంది. ఆ కాలిన ఆముదం వాసన నీకూ ఇష్టమే, ఒప్పుకోవు గానీ. అత్తయ్య కీళ్లనొప్పులకి పెట్టుకున్న వంటాముదం మాత్రం పొయ్యకు, ఇంజన్‌కి కావలసింది జిగురు తీసేసిన ఆముదం. ఒక ఫ్యూయల్ నుంచి ఇంకోదానికి మారితే ట్యూనింగ్ మళ్లీ మొదటి నుంచి, ఇందులో మినహాయింపు లేదు.

మిథనాల్ నువ్వే కొని కలుపుదామన్న ఆలోచన మానుకో. అమ్మాలన్నా, దగ్గర పెట్టుకోవాలన్నా మీ రాష్ట్రంలో లైసెన్సు నిబంధనలున్నాయి. 2024 జూన్‌లో కల్లకురిచ్చిలో మిథనాల్ కలిసిన సారా తాగి 60 మందికి పైగా పోయారు, అడిగేవాళ్లు గట్టిగా అడుగుతారు, అడగాలి కూడా. కలిపి అమ్మే ఫ్యూయల్ సరైన షాపులో, బిల్లుతో కొను. డబ్బా పిల్లలకి అందకుండా, మూత బిగించి, నీళ్ల సీసాలకి దూరంగా పెట్టు. చర్మం గుండా కూడా ఒంట్లోకి దిగుతుంది, చేతి తొడుగులు వేసుకో. దానికి నిప్పంటుకుంటే పగటి వెలుతురులో మంట కనపడదు, వేడి తగిలాకే తెలుస్తుంది. మంటలార్పే సిలిండరు చిన్నదైనా సరే మైదానానికి పట్టుకెళ్లు.

మీ ఊళ్లో ఇంకో శత్రువు తేమ. మిథనాల్ గాలిలోని నీటిని పీల్చుకుంటుంది, ఆ నీళ్లు బేరింగుల్లో చేరి తుప్పు పట్టిస్తాయి. సాయంత్రం చివరి ఫ్లయిట్ తర్వాత ట్యాంకు ఖాళీ చేసి, ఇంజన్‌ని మళ్లీ స్టార్ట్ చేసి గొట్టంలో మిగిలింది కూడా కాలిపోయేదాకా నడుపు. తర్వాత ప్లగ్ తీసి, కార్బురేటర్‌లోనూ సిలిండర్‌లోనూ కొన్ని చుక్కల ఆయిల్ వేసి, ప్రొపెల్లర్ కొన్నిసార్లు తిప్పి పెట్టు. బెంగళూరులో దీన్ని బద్ధకించినవాళ్లు కొన్నాళ్లు తప్పించుకుంటారు, చెన్నైలో ఒక వర్షాకాలం చాలు.

నువ్వడిగిన ఇంకో ప్రశ్న, ఎలక్ట్రిక్‌కి మారిపోదామా అని. మారిపో, ఎవరు వద్దన్నారు. మా చెరువు దగ్గర ఇప్పుడు పదిమందిలో ఎనిమిది మంది బ్యాటరీ వాళ్లే. దిగుతారు, ఎగరేస్తారు, తుడుచుకోకుండా ఇంటికెళ్తారు. నేనూ చిన్న ఫోమ్ విమానాలకి మోటారే వాడుతున్నా. కానీ ఈ 46 ఇంజన్‌ని అమ్మకు. 1936 నుంచి ఇంజన్లు చేస్తున్న ఒసాకా కంపెనీ సరుకు అది. అర ఘనపు అంగుళం కూడా లేని గది, ఏడున్నర సీసీ. దాన్ని నిమిషానికి పన్నెండు వేల సార్లు సరిగ్గా మండించడం నీ వేళ్ల చివర ఉంది. నాకు ఎగరెయ్యడం కంటే ఆ భాగమే ఎక్కువ ఇష్టమని మా ఆవిడ ఎప్పుడో కనిపెట్టేసింది.

మైదానం మార్చావన్నావు, ఎక్కడ ఎగరెయ్యొచ్చో చూపించే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాపు ఒకసారి చూసుకున్నావా? మీనంబాకం, తాంబరం ఎయిర్‌ఫీల్డులు రెండూ మీ ఊళ్లోనే ఉన్నాయి, ముందుగా అనుమతి అక్కర్లేని గ్రీన్ జోన్ ఎక్కడి దాకానో చూసుకో. మాకు యెలహంక, జక్కూరు, దేవనహళ్ళి ఎయిర్‌ఫీల్డులు మూడూ ఉత్తరం వైపే, అందుకే కె.ఆర్.పురం బ్రిడ్జి ట్రాఫిక్ తిట్టుకుంటూ తూర్పుకి పోతున్నాం.

ముందు గొట్టాలు మార్చు, తర్వాత ఇంజన్‌ని నేల మీదే నడిపి మళ్లీ రికార్డు చేసి పంపు. ఈసారి ఫోన్ ఒక పది అడుగుల దూరంలో పెట్టు, దగ్గర పెడితే మైకు చితికిపోయి రిచ్చో లీనో తెలియడం లేదు. మొదట ఫుల్, తర్వాత ముక్కు పైకి, ఆ తర్వాత ఐడిల్ నుంచి ఫుల్, ఇదే వరుసలో. మధ్యలో నువ్వు మాట్లాడకు.

చెల్లెమ్మని అడిగానని చెప్పు. సంక్రాంతికి కావలి వస్తే ట్రైనర్ కూడా వేసుకురా.

నీ
బుజ్జిగాడు

తా.క. మీ తమ్ముడి దగ్గరున్న చిన్న 25 ఇంజన్‌కి పైన చెప్పిన చిన్న నీడిల్ సూత్రం వర్తించదు. కార్బురేటర్ ముందు వైపు చిన్న రంధ్రం, దాన్ని అడ్డుకుంటూ ఒక స్క్రూ కనిపిస్తే అది గాలి స్క్రూ, ఫ్యూయల్‌ది కాదు. దాన్ని బిగిస్తే గాలి తగ్గి రిచ్ అవుతుంది, వదిలితే లీన్. రంధ్రం సగం మూసుకుని ఉండేలా పెట్టి అక్కడి నుంచి మొదలుపెట్టమను.